నత్తల మంద

చేపలు లేని చేపల తొట్టిని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. ఎనభైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో, మూకండపల్లి లైన్ ఇంట్లో మాకు అలాంటిదొకటి ఉండేది. బదిలీ మీద పోతూ పక్కింటివాళ్ళు ఇచ్చిపోయిన గాజు తొట్టి అది. నేను వేసిన నాలుగు చేపలూ నెల తిరక్కుండానే పోయాయి. జవళగిరిలోని మా పుట్టింటి నుంచి తెచ్చిన నాచుకు అంటుకుని వచ్చిన చిన్న నత్తలు మాత్రం హాయిగా బతికాయి. మా ఆయన చేపలు చూద్దురు రమ్మని ఫ్యాక్టరీలో తన షిఫ్టు స్నేహితులను పిలుచుకొచ్చి, నత్తలు చూపించి నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ అని నేనూరుకునేదాన్ని.

చిన్నప్పుడు మా ఊరి వంక ఒడ్డున బోర్లా పడుకుని నేను వాటినే చూసేదాన్ని. నత్త నెమ్మదిగా పైకెక్కి, నీటి అంచున ఒంటి పక్కనుండే చిన్న రంధ్రం తెరిచి, గాలి పీల్చుకుని మళ్ళీ కిందికి దిగేది. నీళ్ళలో పుట్టి నీళ్ళలోనే పెరిగేదానికి గాలి కోసం ఈ పాట్లేమిటో! ఎన్నిసార్లు చూసినా నాకది వింతే.

అత్తిముగం నుంచి మా అత్త మొదటిసారి వచ్చింది, రెండు వారాలుండి పోదామని. బుద్ధి తెలిసినప్పటి నుంచీ గొర్రెల వెంట తిరిగిన మనిషి. మా ఆయన షిఫ్టుకు పోతే ఆ ఇంట్లో నన్ను పలకరించే దిక్కుండేది కాదు. ఈమె ఇంకొన్నాళ్ళు ఉండిపోతే బాగుండునని నా ఆశంతా. వచ్చిన రోజు సంగటీ ఉలవచారూ చేసి దగ్గరుండి పెట్టాను. మర్నాడు కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చేసరికి తొట్టిలో ఒక్క నత్త లేదు. ఆమె అన్నిటినీ ఏరి పొయ్యి బూడిదలో వేసేసింది.

నాకు కోపం నషాళానికంటింది. నేను బిందె దించిన చప్పుడుకే ఆమెకు సంగతి అర్థమైంది. సాయంత్రం దాకా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి ఆమే చెప్పింది. వాళ్ళ ఊళ్ళో నత్తలున్న చెరువంచుకు గొర్రెను పోనివ్వరట. ఆ గడ్డి మేస్తే కార్జంలో పురుగు పడి, దవడ కింద నీరు దిగుతుందట. ఒక ఏడు ఆమె మందలో సగం అట్లాగే పోయిందట. అప్పటి నుంచి నత్త కంటబడితే చాలు, చెయ్యి దానంతటదే బూడిదకు పోతుందట.

"ఈడ గొర్రెలు లేవు కదత్తా," అన్నాను.

ఆమె ఇల్లంతా ఒకసారి కలయజూసింది. "అవును కదమ్మా. నాకు తోచనే లేదు," అంది.

ఇద్దరం నవ్వడం మొదలుపెడితే చాలాసేపు ఆగలేదు.

గాజుకు అంటుకున్న జిగురు చుక్కలను మాత్రం ఆమె చూడలేదు. అవి నత్త గుడ్లు. పది రోజులకు వాటిలోంచి రాగి గింజంత పిల్లలు బయటపడ్డాయి. ముందు చూసింది ఆమే. నా కళ్ళు పొయ్యి వైపు పోయాయి. ఆమె మాత్రం తొట్టి ముందు గొంతుక్కూర్చుంది. ఒక పిల్ల గాజు పట్టుకుని పైదాకా ఎక్కి, గాలి పీల్చి దిగింది. "గాలికొచ్చినాది పాపం," అని ఆమె ముఖం గాజుకు ఆనించింది. దీపాలు పెట్టే వేళకు వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ లెక్కపెట్టింది. పదకొండు. సాయంత్రం మంద లెక్క చూడనిదే ఆమె కూడు ముట్టదు. అది ఏళ్ళ నాటి అలవాటు. ఇక రోజూ అదే వరస, లెక్క తేలాకే మాకు భోజనాలు.

రెండు వారాలు నిండాయి. అత్తిముగం బస్సుకు వేళయింది. సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాక, చివరిసారిగా లెక్క చూద్దామని ఆమె వెనక్కి వచ్చింది. పది వచ్చాయి. చెప్పులు విడిచి మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ పదే.

"ఒకటి తగ్గిందమ్మా. అది దొరికేదాకా నేను యాడికీ పోను," అని సంచి దించి కూర్చుంది.

పదకొండోది నాచు వెనక, నా వైపు గాజుకు అంటుకుని ఉంది. నేను చూశాను. చెప్పలేదు.