రాతూగారి తల మీద నా చెయ్యి

నిన్న బడిలో నా పరువు ఎలా పోయిందో మీ చెవిన పడే ఉంటుంది. టాబియా చెరకు తోటలో మన కూలీల లైన్ల ఇళ్లన్నీ నవ్వుతున్నాయి! సరే, టీ పొయ్యండి, నా నోటితోనే వినండి.

మన బడి సంగతి తెలుసుగా. ఆదివారం చెరకు పని ఉండదని, బండ్ల షెడ్డులో పిల్లలచేత నాలుగు అక్షరాలు దిద్దిస్తున్నాను. చివర్లో ఒక్కొక్కరూ తమకు జరిగిన కథ చెప్పాలి. అయ్యోరైనా సరే, నిజమే చెప్పాలి. బాగా చెప్పినవాళ్ల తల మీద చెయ్యి పెట్టి "శభాష్" అంటాను.

ఇంతలో ఓవర్సీరు దొర షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు. ఏటి ఒడ్డున ఫీజీవాళ్ల గడ్డి ఇల్లొకటి ఖాళీగా ఉంది. వాళ్ల ఊరి పెద్ద రాతూగారు ఇవ్వనంటే బడి మూతే! "ముందు మీ బడి చూస్తా" అని, నిన్న కాక అంతకుముందు ఆదివారం ఆయన మనుషులతో వచ్చారు. భారీ మనిషి. తల చుట్టూ ఇంతెత్తు జుట్టు, గుండ్రంగా దువ్వి!

మన అప్పలమ్మ కూతురు గౌరి కథ చెప్పింది. మొదటిసారి సముద్రం చూసి "ఇన్ని నీళ్లు ఎవరు తోడారే అమ్మా?" అని అడిగిందట. రాతూగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఊపొచ్చి, మన లైన్ల హిందీలో తన కథా మొదలెట్టారు. చిన్నప్పుడు తొలిసారి గుర్రాన్ని చూసి, పెద్ద పంది అనుకుని ఈటెతో తరిమారట. చివరికి అదే ఈయన్ని తరిమి ఏట్లో పడేసిందట!

ఎంత బాగా చెప్పారో! నా చెయ్యి ఊరుకుంటుందా? తిన్నగా వెళ్లి రాతూగారి తల మీద వాలింది. "శభాష్!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఆయన మనుషులు లేచి నిలబడ్డారు. అప్పలమ్మ నా చెవిలో, "అయ్యోరా, కొంప ముంచేసినావు! ఆళ్లలో పెద్దోళ్ల తల ముట్టుకోకూడదు!" అంది. పిల్లల మొహాలు చూస్తే ఏడుపొచ్చింది.

అప్పుడు గౌరి వచ్చీరాని హిందీలో, "రాతూ తాతా, కోప్పడకు. బాగా చెప్తేనే అయ్యోరు అలా చేస్తారు. ఇవాళ నాకు చెయ్యనే లేదు!" అంది.

రాతూగారు దాన్ని చూశారు, నన్ను చూశారు. "సాయంత్రం యంగోనా తెచ్చి మాఫీ అడుగు" అన్నారు.

వాళ్లు పెద్దల ముందు పెట్టి, దంచి తాగే ఆ యంగోనా వేరు పట్టుకెళ్లి నేల మీద కూర్చుని క్షమాపణ అడిగాను. రాతూగారు దాన్ని దంచించి, నీళ్లలో కలిపించి, నాకూ చిప్పెడు పోశారు. తాగితే నాలుక మొద్దుబారింది. "ఇల్లు తీసుకో. కానీ వచ్చే వారం కథ నీది" అన్నారు.

నిన్న కొత్త ఇంట్లో ఆ తల ముట్టుకున్న కథే చెప్పాను. పిల్లల ముందు పరువు కదా, కాస్త తగ్గించాను. "ఏదో పొరపాటున వేలికొస తగిలింది..."

"ఝూట్, మాస్టర్!" వెనకనుంచి రాతూగారు లేచారు. "చెయ్యంతా పెట్టావు! జుట్టు మళ్లీ దువ్వేసరికి నా భార్యకి పొద్దుగూకింది!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. మళ్లీ మొదట్నించీ చెప్పాల్సొచ్చింది, ఆయన పక్కనే నిలబడి సరిచూస్తుండగా. పోనీలెండి, పిల్లలకి వాన తడవని బడి దొరికింది. అందులో మొట్టమొదటి అబద్ధం ఆడిన ఘనత మాత్రం అయ్యోరికే దక్కింది!