అప్పాయమ్మ తోటలో కొలతరాయి

రావులపాలెం చుట్టుపక్కల మా పెద్దమ్మ అప్పాయమ్మ పేరు చెబితే "కొలతరాయి అప్పాయమ్మగారా?" అంటారు. ఆమె కొబ్బరితోట నడుమ మోకాలెత్తు రాయి ఒకటుంది. ఆమె మామగారి కాలంలో సర్వేవాళ్లు పాతారు. కొన్నేళ్లకోసారి జీపులో వచ్చి, రాయి మీద యంత్రం పెట్టి, దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి ఎంత పక్కగా చూపిస్తోందో కొలుచుకుని పోయేవారు.

"ఏళ్లు గడిచేకొద్దీ భూమి అయస్కాంతం మారుతుందండి, ముల్లూ కొంచెం కొంచెంగా జరుగుతుంది. ఎంత జరిగిందో తెలియాలంటే మళ్లీ అదే చోట కొలవాలి" అని ఆఫీసరు ప్రసన్నకుమార్ గారు మొదటిసారి వచ్చినప్పుడే చెప్పారు. పెద్దమ్మకు అంతకన్నా ఏం కావాలి? దేశానికి పనికొచ్చే చోటు తన తోటలో ఉంది. మామగారు పోయే ముందు "రాయి జాగ్రత్తమ్మా" అన్నారు. ఆ మాటను ఆమె ప్రాణంగా పట్టుకుంది.

కొలత రోజున ఆమె హడావిడి చూసి తీరాలి. దగ్గర్లో ఇనుముంటే ముల్లు తప్పు చూపిస్తుందని కాయలు ఒలిచే గునపాలు, చెట్లెక్కే దింపువాళ్ల కత్తులు, సైకిళ్లు అన్నీ రోడ్డు మీదికి తరిమేసేది. తన పిన్నీసులూ తీసేసేది. ఒకసారి ఆఫీసరు గారినే నిలదీసింది.

"ఏంటండీ, మీ బెల్టు బకిల్ ఇనుము కాదా?"

"ఇత్తడేనండి అమ్మగారూ" అని ఆయన నవ్వారు.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. ఇనుము కూడదన్న మాటను ఆమె మడిలాగా అర్థం చేసుకుంది. పూజ వేళకు మడి కట్టుకుంటే చాలదూ, మిగతా రోజుల్లో ఎలా ఉంటే ఏం?

కిందటి వేసవిలో కాయల లారీ రివర్స్ తీస్తూ రాయికి తగిలింది. కాస్త పెచ్చు ఊడింది. పెద్దమ్మకు ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడే తాపీమేస్త్రి వీరబ్రహ్మాన్ని పిలిపించి రాయి చుట్టూ కాంక్రీటు దిమ్మె కట్టించింది, దాని మీద ఇనుప గ్రిల్లు పెట్టించింది. "కొలత రోజున ఊడదీసేలా బోల్టులు బిగించవయ్యా" అని మరీ చెప్పింది. దిమ్మె లోపలి ఇనుప కడ్డీల సంగతి ఆమెకు తట్టలేదు. మేస్త్రి దట్టంగానే వేశాడు. అతన్ని అని ఏం లాభం, గట్టిగా ఉండాలన్నది ఈవిడే.

ఈ ఏడు ఆఫీసరు గారు వచ్చేసరికి గ్రిల్లు ఊడదీయించి, దూరంగా పంపించి, మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఆయన యంత్రం పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు.

"లోపల కడ్డీలు వేయించారాండి?"

పెద్దమ్మ గునపాలున్న రోడ్డు వైపు తిరిగింది. "ఇప్పుడే పగలగొట్టించేస్తానండి."

"రాయి కాంక్రీటులో కలిసిపోయిందమ్మగారూ. పగలగొడితే అదీ ముక్కలవుతుంది. మేం వేరే చోటు చూసుకుంటామండి."

"మరి ఇన్నాళ్లూ కొలిచినవో?"

"అవి ఉంటాయండి. వాటికి కొనసాగింపే ఉండదు."

ఊళ్లో కొందరు, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నవ్విన వాళ్లలో ఒక్కరైనా దేన్నయినా అంత ప్రేమగా చూసుకున్నారా?

జీపు వెళ్లిపోయాక పెద్దమ్మ దిమ్మె మీద కూలబడింది. నేను పక్కన కూర్చుని, పోనీలే అనబోయాను.

"పెచ్చు ఊడితే ఊడిందని ఊరుకుంటే బతికిపోయేదిరా" అంది. "ఏమైపోతుందోనని నేనే చంపుకున్నాను."