మామగారి నాలుక

యూనిఫారాలు కుట్టే ఆ షాపులో బొత్తాలకు కాజాలు కుట్టేది ఆమె ఒక్కతే. నర్సుల కోట్లు, సెక్యూరిటీ వాళ్ళ చొక్కాలు, ఫ్యాక్టరీ వాళ్ళ నీలం దుస్తులు, ఏవైనా సరే చివరికి ఆమె మిషన్ దగ్గరికి రావలసిందే. అందుకని పెళ్ళైన కొత్తలో మామగారు సరదాకి ‘కాజా’ అని పిలిచారు. ఆ పేరే ఖాయమైపోయింది. చివరికి పుట్టింటివాళ్ళు కూడా ఫోన్ చేసి, కాజా ఉందా అని అడిగేదాకా వచ్చింది.

మామగారు ఫైర్ ఇంజన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. వైరు కాలిన వాసనకీ, గుడ్డ కాలిన వాసనకీ తేడా వీధి మొదట్లోనే చెప్పేసేవారని తోటివాళ్ళు ఆయన ముక్కు గురించి కథలుగా చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో ఆ ముక్కు కోడలి వంట మీద పనిచేసేది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే పొయ్యి మీద ఏముందో చెప్పేసి, కాళ్ళు కడుక్కుని నేరుగా కంచం ముందుకు వచ్చేసేవారు. అత్తగారు లేని ఇల్లు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్, ఏ వేళకు వస్తాడో అతనికే తెలియదు. భోజనాల దగ్గర ఎక్కువగా మామా కోడళ్ళిద్దరే మిగిలేవాళ్ళు. కన్నతండ్రి దగ్గర దొరకని చనువు ఆమెకు ఆయన దగ్గర దొరికింది.

అలాంటి మనిషికి పేగులో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయ్యాక సెలైన్‌లో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మొదటి విడత బాగానే గడిచింది. రెండో విడత అయి వచ్చాక ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. టైరు కాలిన వాసన వస్తోందన్నారు. ఆమె గిన్నె ఎత్తి వాసన చూసింది, ఏమీ లేదు. మర్నాడు నూనె మార్చింది. తర్వాత బియ్యం మార్చింది, గిన్నెలు మార్చింది, కొట్టే మార్చేసింది. ఏం చేసినా అంతే. ఒకపూట టైరంటారు, ఇంకోపూట ఇనుపరేకు నాకినట్టుందంటారు.

“ఇందులో ఏం కలిపావమ్మా?” అని ఒకరోజు అడిగారు. కోపంగా కాదు, అర్థంకాక అడిగారు. సరిగ్గా అప్పుడే ఆడబిడ్డ గుమ్మంలో అడుగుపెట్టింది.

ఆడబిడ్డ అంటే భర్తకు అక్క. రెండు వీధుల అవతల ఇల్లు, పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం. స్టాంపులతో పాటు కబుర్లు కూడా ఆ కౌంటర్లోనే చేతులు మారేవి. తండ్రి నోటి వెంట వచ్చిన ఆ ఒక్క మాట ఆమెకు చాలు. వారం తిరక్కుండా వీధి వీధంతా కాజా వైపు అదోలా చూడ్డం మొదలుపెట్టింది. షాపులో కూడా ఒకావిడ, మీ మామగారు తిండి మానేశారటగా అని దారం అందిస్తూ అడిగింది.

ఆదివారం పరామర్శకని చుట్టాలొచ్చారు. మేనత్త, ఇద్దరు బాబాయిలు, పిన్నులు, ఎదురింటివాళ్ళు కూడా ఉన్నారు. ఆయన ఆ రోజు కూడా కంచం పక్కకు నెట్టేశారు. ఆడబిడ్డ లేచి, ఆ ఎంగిలి కంచాన్నే తెచ్చి కాజా ముందు పెట్టింది.

“తిను,” అంది. “మా అందరి ముందూ తిను. చూస్తాం.”

కాజా భర్త వైపు చూసింది. అతను పనిసంచిలో రెంచీల్ని అటూ ఇటూ సర్దుకుంటున్నాడు. మామగారి వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. అంతమంది చూపులు నోటి మీద పెట్టుకుని ఆమె ఒక్కొక్క ముద్దే మింగింది. ఒక పిన్ని ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చుంది, నిజంగా మింగిందో లేదోనని. కంచం ఖాళీ అయ్యాక కూడా ఆడబిడ్డ ఊరుకోలేదు.

“కాజా అని పేరు పెట్టి మురిసిపోయావు కదా నాన్నా! ఇది కాజా కాదు, ఇల్లు కాజెయ్యడానికొచ్చిన మనిషి.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఎవరిదో కాజా ఎన్నడూ కనుక్కోలేదు గాని, మరిచిపోనూ లేదు. ఆ రోజు నుంచి మామగారి భోజనం ఆడబిడ్డ ఇంటి నుంచి క్యారియర్లో రావడం మొదలైంది. ఆయన తినే వస్తువు కాజా ముట్టుకోకూడదని కట్టడి చేశారు.

ఆస్పత్రికి తీసుకెళ్ళడం మాత్రం కాజాకే వదిలేశారు. సెలవు దొరికేది ఆమెకే మరి. మూడో విడతకు వెళ్ళినప్పుడు అక్కడొక డాక్టరమ్మ కలిసింది. పెద్ద జబ్బులు చేసినవాళ్ళకు రుచీ వాసనా ఎలా మారిపోతాయో పరిశోధన చేస్తున్నామని, ఒప్పుకుంటే చిన్న పరీక్ష చేస్తామని అడిగింది. మామగారు ఒప్పుకున్నారు. కిటికీ లేని చిన్న గదిలో కూర్చోబెట్టి, సన్నటి కాగితపు ముక్కల్ని ఒక్కొక్కటే నాలుక మీద పెట్టింది. ఉప్పు కాగితానికి ఆయన ఏమీ తెలియడం లేదన్నారు. తీపి కాగితానికి చేదన్నారు. ఏమీ లేని కాగితానికి ఇనుమన్నారు. తర్వాత పెన్నుల్లాంటివి మూతలు తీసి ముక్కు దగ్గర పట్టుకుంది. నిమ్మకాయ వాసనకు గోడ సున్నమని చెప్పారు. సబ్బు వాసనకు చాలాసేపు ఆలోచించి తల దించుకున్నారు. మంటల్ని వాసనతో పట్టిన మనిషి బడిలో పాఠం రాని పిల్లాడిలా కూర్చోవడం కాజా గోడవారగా నిలబడి చూసింది.

ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి, వాంతులు రాకుండా ఇంజెక్షన్ ఇచ్చారు. మత్తులో పడ్డారు. అప్పుడు డాక్టరమ్మ కాజాను కూర్చోబెట్టుకుని చెప్పింది. క్యాన్సర్ మందు త్వరత్వరగా పెరిగే కణాలన్నిటినీ దెబ్బకొడుతుందట. నాలుక మీద రుచి తెలిపేవి కూడా అలాంటివేనట. అందుకే కొందరికి అన్నీ చేదు, కొందరికి ఇనుము, కొందరికి లేని వాసనలు.

“వంటలో తప్పేమీ ఉండదమ్మా. ఎవరు వండినా అంతే,” అంది. వేడి మీద పెడితే వాసన ఎక్కువ కొడుతుంది కాబట్టి చల్లారబెట్టి పెట్టమంది. స్టీలు చెంచా మాని చెక్కదో ప్లాస్టిక్‌దో వాడమంది. తినేముందు నోరు పుక్కిలించమంది, సరిపడితే కాస్త పులుపు పిండమంది. అందరికీ పనిచెయ్యకపోవచ్చు గాని, బరువు తగ్గకుండా చూసుకోవడం మటుకు ముఖ్యమంది. “ఇంట్లో వండేవాళ్ళకి తప్పకుండా చెప్పండి.”

“చెప్తాను,” అంది కాజా.

చెప్పలేదు.

బస్సులో మామగారు ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోతుంటే ఆలోచించింది. ఎవరు వండినా అంతే అంది డాక్టరమ్మ. ఇప్పుడు వండుతున్నది ఎవరు? ఆ ప్రశ్న నోట్లో వేసుకుని ఇల్లు చేరేదాకా చప్పరించింది.

ఆమె అనుకున్నట్టే జరిగింది. మొదట్లో కూతురు బాధపడుతుందని మామగారు ఎలాగో మింగారు. తర్వాత సబ్బు నాకినట్టుందన్నారు. ఆడబిడ్డ నొచ్చుకుంది, మసాలా తగ్గించింది. ఈసారి టైరు వచ్చింది. ఆవిడ కూడా నూనె మార్చింది, బియ్యం మార్చింది. తను నడిచిన దారిలోనే ఆవిడ ఒక్కొక్క అడుగూ వేస్తుంటే కాజా వంటింటి తలుపు దగ్గర నిలబడి చూసేది. ఒకరోజు ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, “నువ్వు కూడానా తల్లీ?” అన్నారు. ఆడబిడ్డ క్యారియర్ మూత పెట్టడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది. కాజాకు కడుపు చల్లబడింది. ఆ వేళ షాపులో కూనిరాగం తీస్తూ పనిచేసింది.

పోస్టాఫీసు కౌంటర్లో కబుర్లు ఇప్పుడు ఎదురుతిరిగాయి. కోడలు ఏదో కలుపుతోందన్న మనిషి, కూతురై ఉండి తనేం పెడుతోందని జనం నొసలు చిట్లించారు. ఆడబిడ్డ ముఖం పీక్కుపోయింది.

మామగారి ముఖం కూడా పీక్కుపోతోంది. చొక్కాలు వదులైపోయాయని బొత్తాలు లోపలికి జరిపి కుట్టింది ఆమే. ఒకసారి కుట్టింది, మళ్ళీ కుట్టింది. ఎందుకు వదులవుతున్నాయో ఆ ఇంట్లో తెలిసింది తనొక్కదానికే. సూది గుచ్చుతున్నప్పుడు చెప్పేద్దామని అనిపించేది. ఆ వెంటనే ఎంగిలి కంచం గుర్తొచ్చేది. ఆ వేళ మూసుకున్న ఆయన కళ్ళు కూడా గుర్తొచ్చేవి. పగ ఆడబిడ్డ మీదే అని తనకు తాను చెప్పుకునేది. దారం కొరికి, ముడేసి, చొక్కా మడతపెట్టేది.

తర్వాతి విడతకు వెళ్తే ఆస్పత్రివాళ్ళు మందు ఎక్కించడం కుదరదన్నారు. బాగా బరువు తగ్గిపోయారు, ఒళ్ళు తట్టుకోలేదు, కోలుకున్నాక రండన్నారు. ఆ మాట విన్న చుట్టాలు మళ్ళీ ఆదివారం పోగయ్యారు. ఏం చేద్దామని ఒకరినొకరు అడుగుతున్నారు. ఆడబిడ్డ ఓ మూల కూర్చుని కొంగు నలుపుకుంటోంది. మామగారు ఆవిడ తెచ్చిన కంచాన్ని పక్కకు నెట్టేశారు.

కాజా ఎదురుచూసింది సరిగ్గా దీనికే. కంచం తీసి ఆడబిడ్డ ముందు పెట్టింది.

“తినండి వదినా,” అంది. “అందరూ చూస్తారు.”

ఎవరైనా అడ్డుపడతారేమోనని ఆడబిడ్డ చుట్టూ చూసింది. ఎవరూ కదల్లేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. రెండో ముద్దకు కళ్ళ నీళ్ళు కంచంలో పడ్డాయి. గొంతు వైపు చూసిన ఆ పిన్ని ఈసారి నేల చూసింది. కాజా కంచం ఖాళీ అయ్యేదాకా ఆగింది. అప్పుడు చెప్పింది.

“అందులో ఏమీ లేదు. ఆవేళ నా వంటలోనూ లేదు. మందు వల్ల మావయ్య నాలుక అలా అయింది. డాక్టరు చెప్పింది.”

“ఎప్పుడు చెప్పింది?” అని భర్త అడిగాడు.

“మూడో విడతప్పుడు.”

అతనికి లెక్క అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. చుట్టాలందరికీ అర్థమైంది. ఆడబిడ్డ ఏడుపు ఆపి, నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. ఒక బాబాయి మాత్రం, ఎంత గుండె నీది అని గొణిగాడు. కాజా తొణకలేదు. ఆ చూపులు ఆమెకు కొత్త కాదు.

మంచం మీంచి మామగారు నెమ్మదిగా అన్నారు. “నాకైనా చెప్పాల్సింది కదమ్మా.”

కాజా లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చి ఆయన్ను పుక్కిలించమంది. ఫ్రిజ్‌లో చల్లబడిన పెరుగన్నంలో నిమ్మచెక్క పిండి, చెక్క గరిటెతో పెట్టింది. టైరు లేదు, చప్పగా ఉందంతే అన్నారాయన. సగం తిన్నారు.

బరువు కూడదీసుకోవడానికి చాలాకాలం పట్టింది. మందు మళ్ళీ మొదలుపెట్టారు, పూర్తి చేశారు. ఆలస్యం వల్ల ఏదైనా చెడిందా అని కాజా డాక్టరమ్మను అడిగింది. చెప్పలేమమ్మా అందావిడ. చెడలేదని అనలేదు, చెడిందనీ అనలేదు. ఆ జవాబుతోనే బతకవలసి వచ్చింది. మామగారు మాత్రం కోలుకున్నారు. ముందు ఉప్పు తెలిసింది, చాలా నెలలకు వాసనలు తిరిగొచ్చాయి. కోడలి వంటే తింటున్నారు. అయితే కంచం ముందు మునుపటిలా మాటలు సాగవు. ఆయన తినేసి లేచిపోతారు, ఆమె గిన్నెలు సర్దుకుంటుంది.

ఆడబిడ్డ ఒకరోజు ఎవరూ లేనప్పుడు వచ్చి, వంటింట్లో కాజా పక్కన నిలబడి తప్పైపోయిందంది.

“అందరి ముందూ అన్నారు కదా వదినా,” అంది కాజా కత్తిపీట ముందు నుంచి లేవకుండా. “ఇక్కడ చెప్తే ఎలా?”

ఆవిడ వెళ్ళిపోయింది. అందరి ముందూ చెప్పే ఆదివారం ఇంతవరకూ రాలేదు. కాజా దాని కోసమే చూస్తోంది. భర్త ఇంక వదిలెయ్యమంటాడు. వదలనని చెప్పి ఆమె మిషన్ మీదికి ఇంకో చొక్కా లాక్కుంటుంది.