కళ్లు తెరిచి చేసిన ప్రార్థన

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుసగుసల కాలం ఒకటి వచ్చింది. 1948లో సైన్యం వచ్చి పోలీసు చర్య జరిగిన రోజులవి. రెజిమెంటల్ బజార్‌లో మా ఇంటి తలుపులకు పగలే గడియ పడేది. పెద్దవాళ్లు గొంతు బాగా తగ్గించి మాట్లాడుకునేవారు. నాకదంతా కలలా ఉండేది. పలచని పసుపు వెలుతురు, కదిలే పెదవులు, బయట అలికిడి లేని బజారు.

అప్పటికే మా నాయనమ్మకు చెవులు బాగా మందగించాయి. గట్టిగా అరిస్తే తప్ప వినపడదు, అరిచే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. అందుకని ఆమెతో మాట్లాడటమే మానేశాం. కావాలని కాదు, అలా జరిగిపోయింది. మెల్లగా ఆమె కూడా మాట తగ్గించింది. వంటింట్లోకి వచ్చి, ఎందుకు వచ్చిందో మరిచిపోయేది. నన్ను ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచేది. ఒక ఉదయం గడియ తీసుకుని ఖాళీ వీధిలోకి నడిచి వెళ్లిపోయింది. నాన్న పరుగెత్తి వెనక్కి తీసుకొచ్చాడు. మళ్లీ గడియ పెట్టాడు.

"అమ్మకు మతి పోయింది. ఈ గడబిడ సల్లబడంగనే బోయిన్‌పల్లిల అక్క ఇంట్ల ఉంచుదం" అన్నాడు. నాయనమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆ మాట తన గురించేనని ఆమెకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. మా క్రైస్తవుల ఇళ్లలో ప్రార్థన అంటే తల వంచాలి, కళ్లు మూయాలి. తెరిస్తే పిల్లలకు మొట్టికాయే. మా తాతయ్య కందీలు దీపాన్ని మధ్యకు జరిపి, "ఇయ్యాల ఎవ్వరు కండ్లు మూయొద్దు, తల సుత వంచొద్దు. మీ అమ్మ దిక్కు చూసి చేయుండ్రి" అన్నాడు. దేవుని ముందు అదేం పద్ధతని నాన్న గొణిగాడు.

"దేవునికి చెవులు మంచిగనే ఉన్నయి. మీ అమ్మకే లెవ్వు" అన్నాడు తాతయ్య.

ఆమె భుజం తట్టి, పెదవులు నిదానంగా కదిలిస్తూ మొదలుపెట్టాడు. సైన్యం వచ్చిందనీ, అందుకే తలుపులు మూశామనీ, జనం భయపడి మెల్లగా మాట్లాడుతున్నారనీ అన్నీ ప్రార్థనలోనే చెప్పాడు. పాపం, దేవుడు ఆ వేళ మా బజారు వార్తలన్నీ ఓపిగ్గా విన్నాడు. నాయనమ్మ ఆయన పెదవుల మీది నుంచి చూపు తిప్పలేదు. ఆయన ముగించగానే నోరు విప్పింది.

"గిదా సంగతి. ఎవ్వరు పలకరిస్తలేరంటే, నేను సచ్చిపోయిననేమో అనుకున్న."

నాన్న లేచి వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. బోయిన్‌పల్లి మాట మళ్లీ ఎత్తలేదు.

పోయిన జ్ఞాపకాలన్నీ తిరిగి రాలేదు. నన్ను చివరిదాకా చెల్లెలి పేరుతోనే పిలిచింది, నేనూ పలికేదాన్ని. కానీ మా మధ్యనే ఉండి, అడిగి తెలుసుకుంటూ, నవ్వుతూ వెళ్లిపోయింది. వినికిడి తగ్గినవాళ్లకు మతిమరుపు ముప్పు ఎక్కువని నా చెవులు చూసిన డాక్టరు ఈమధ్య చెబితే, చెవికి మిషను పెట్టించుకోవడానికి నేను క్షణం ఆలోచించలేదు.

చర్చిలో అందరూ తల వంచినప్పుడు నేను ఇప్పటికీ కళ్లు మూయను. ఎవరైనా పెద్దావిడ వినపడక దిక్కులు చూస్తూ కనిపిస్తుందేమోనని వెతుకుతాను. కనిపిస్తే వెళ్లి ఆమె ఎదురుగా కూర్చుంటాను.