పిల్లను కొట్టని వేటగాడు

హఫీజ్ మా ఆఫీసులో రోజంతా గేము ఆడేవాడు. అదే అతని ఉద్యోగం. ఆ ముక్క వాళ్ల నాన్న అమానుల్లాకు చెప్పి నమ్మించడానికి నెల పట్టిందట. ఇబ్రహీంపట్నంలో వాళ్లది మటన్ దుకాణం. చదివింది పక్కనే, శేరిగూడలో ఇంజనీరింగ్. రెండువేల పంతొమ్మిదిలో బొంగులూరు దగ్గర, ప్లాట్ల బోర్డుల మధ్య ఒక ఇంటి పైఅంతస్తులో సుబ్బరాజు గారు గేముల కంపెనీ పెడితే, తప్పులు పట్టే పనికి ఆరు నెలల ట్రయల్ మీద చేరాడు. గేము సవ్యంగా బయటికి వెళితే పర్మనెంటు, లేకపోతే దండం పెట్టి ఇంటికి పోవడమే.

గేము సంగతి కొంచెం చెప్పాలి. అది నా కడుపుమంట కూడా. అడవిలో రాక్షస మృగాల వేట. కొట్టిన మృగం తోలు, కొమ్ములు, ఎముకలతో కత్తులూ కవచాలూ చేసుకుని ఇంకా పెద్ద మృగం మీదికి పోవాలి. అంతా పైనుంచి కనిపిస్తుంది, మేడమీద నిలబడి వీధిలోకి చూసినట్టు. దాని వల్ల మేలుంది. ఏ పొద వెనక ఏది పొంచి ఉందో, ఎటు తప్పుకోవాలో ఒక్క చూపులో తెలిసిపోతుంది. నాకు జరిగిన అన్యాయమూ అక్కడే. మృగాల బొమ్మలు గీసింది నేను. నెలల తరబడి కోరలూ కళ్లూ దిద్దితే, తీరా ఆటలో కనిపించేవి వీపులు! కొండంత మృగం కాస్తా బొద్దింకలా ఉంటుంది. "కిరణ్మయి గారూ, వీపులు బాగా కుదిరాయండి" అనేవారు సుబ్బరాజు గారు. ఒళ్లు మండేది.

హఫీజ్ నిక్కచ్చి మనిషి. అతని రిపోర్టులో ఓ పక్క బలాలు, ఓ పక్క లోపాలు. 'కత్తి దెబ్బ బరువు చేతికి తెలుస్తున్నది, బాగుంది.' 'ఒక్క కొమ్ము కోసం అదే మృగాన్ని పదిహేనుసార్లు కొట్టాలి, విసుగు.' 'చెట్ల కింద నిలబడితే ఆకుల చాటున వేటగాడే కనిపించడు.' మొహమాటం లేదు, ముఖస్తుతి లేదు. అతని మీద భరోసాతోనే సుబ్బరాజు గారు విడుదల తేదీ ప్రకటించారు.

విడుదలైన పూటే కొంప మునిగింది. గేములో ఒక తల్లి మృగం, దాని వెంట పిల్ల తిరుగుతాయి. ఆ పిల్లను కొడితే ఆట అక్కడికక్కడే బిగుసుకుపోతోంది. ఆడేవాళ్లలో సగంమంది ముందు కొట్టింది దాన్నే. సులువుగా చస్తుంది, మెత్తని తోలు వస్తుంది. మధ్యాహ్నానికి తిట్లు చదవలేక మానేశాం.

సుబ్బరాజు గారు హఫీజ్‌ను నిలదీశారు. "ఆరు నెలలు ఆడావు కదయ్యా. ఒక్కసారైనా ఆ పిల్లని కొట్టలేదా?"

"లేదు సార్."

"ఏం?"

"మా దుకాన్ల తల్లి ముంగట పిల్లను కొయ్యం సార్. చిన్నప్పటిసంది మా అబ్బ గదే చెప్పిండు. గేమ్ల గూడ చెయ్యి పోలే. పోలేదన్న సంగతి నాకు గూడ ఇప్పుడే తెల్సింది."

నాకు నవ్వొచ్చింది. మటన్ కొట్టే ఇంటివాడికి బొమ్మ పిల్ల మీద జాలా అని పైకే నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మా దుర్గేష్ కూర్చుని ప్రోగ్రాంలో తప్పు దిద్దాడు. దిద్దింది నిలిచిందో లేదో హఫీజ్ చూడాలి. గేములో నలభై ఆయుధాలు. ఒక్కోదానితో ఒక్కసారి పిల్లను కొట్టాలి. కొట్టనంటే ఉద్యోగం లేదని సుబ్బరాజు గారు మొహం మీదే చెప్పారు. హఫీజ్ కొట్టాడు, నలభైసార్లూ. మధ్యలో టీ ఇస్తే వద్దన్నాడు. ఆట ఎక్కడా ఆగలేదు.

సుబ్బరాజు గారు ఊపిరి పీల్చుకుని, పర్మనెంటు కాగితం తెచ్చి ముందు పెట్టారు. అప్పుడు రిపోర్టు చూశారు. లోపాల పక్కన ఒకటే వాక్యం: 'పిల్ల చచ్చినా తల్లి మేత మేస్తనే ఉన్నది.'

"ఇదేం లోపం? ఆట ఆగట్లేదు కదా. తర్వాత చూద్దాం, సంతకం పెట్టు."

"ముందు గది సరిజెయ్యుండ్రి సార్. దస్కత్ తర్వాత పెడ్త. నలభైసార్లు చూసిన, ఒక్కసారి గూడ అది తల ఎత్తలే."

"తప్పు నీది, పైగా షరతులు నాకా?" సుబ్బరాజు గారు కాగితం వెనక్కి లాక్కున్నారు. "రేపు సాయంత్రం దాకా ఆగుతాను. ఆ తర్వాత నీ దారి నీది."

ఆ తల్లి నేను గీసిందే. నడవడం, మేయడం, ఎదురైన వేటగాడి మీద పడడం, ఇంతవరకే గీశాను. పిల్ల పోతే ఏం చేస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు. మర్నాడు పొద్దున్నే దుర్గేష్‌ను బతిమాలి కూర్చోబెట్టాను. తల్లి మేత వదిలి తల ఎత్తుతుంది. పిల్లను ఒకసారి వాసన చూస్తుంది. తర్వాత వేటగాడి వైపు తిరుగుతుంది. సాయంత్రానికి తయారైంది.

హఫీజ్ కూర్చుని పిల్లను కొట్టాడు. తల్లి తిరిగింది. దాని దెబ్బ తప్పించుకోవడం మా అందరికంటే అతనికే బాగా తెలుసు. కానీ మీటల మీది నుంచి రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మూడు దెబ్బల్లో ఆ తల్లి అతన్ని చంపేసింది.

"ఇప్పుడు సరిగ్గున్నది సార్" అని కాగితం అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.