చెప్పులు పాడిన పాట

మా వీడియో అన్న పోయాడు. పోయిన మంగళవారం పొద్దున నేను వాకిట్లో బీడీల చాట ముందేసుకుని కూర్చుంటే, మా ఆయన సైకిల్ దిగకుండానే చెప్పాడు: "వీడియో అన్న ఇగ లేడే. నిజామాబాద్ దవాఖానల పానం ఇడిసిండట." నాకు ముందు నవ్వొచ్చింది. తప్పు పట్టకండి. ఆ మనిషిని తలుచుకుంటే బోధన్‌లో మా గల్లీ వాళ్లందరికీ ముందు నవ్వే వస్తుంది. ఏడుపు దాని వెనకాలే వచ్చింది, వచ్చి చాలాసేపు పోలేదు.

ఆయన పెళ్లిళ్ల వీడియోలు తీసేవాడు. పెళ్లికూతురు గులాబీ పువ్వులోంచి రావాలన్నా, పెళ్లికొడుకు మబ్బుల మీద నడవాలన్నా మా దిక్కు ఆయన తర్వాతే ఎవరైనా. ఒకసారి వేల్పూర్ పెళ్లిలో వియ్యంకులిద్దరూ మర్యాదలు సరిగా జరగలేదని మూతులు ముడుచుకుని కూర్చున్నారట. ఇద్దరి ముఖాలూ పక్కపక్కన పెట్టి, వెనకాల డప్పు దరువు వేశాడు. క్యాసెట్ చూసి రెండిళ్ల వాళ్లూ పడీ పడీ నవ్వి కలిసిపోయారు. మాట్లాడేటప్పుడు ఎడమ కన్ను మూయడం ఆయనకు అలవాటు, చేతిలో కెమెరా లేకపోయినా అంతే. కొత్తవాళ్లు కన్ను కొడుతున్నాడనుకునేవాళ్లు. కాదని అందరికీ చెప్పలేక ఆయన భార్య ప్రాణం విసిగేది.

ఆయన నాకు చేసిన మేలు తెలియాలంటే నా పాట సంగతి చెప్పాలి.

బీడీలు చుడుతూ మేం ఆడవాళ్లం పాడుకునేవాళ్లం. చేతులకు పని ఉంటుంది గానీ నోటికి ఉండదు కదా. చెరుకు సీజన్ వచ్చిందంటే మా ఆయన చక్కెర ఫ్యాక్టరీకే అంకితం. ఇంట్లో పెళ్లాం ఉందన్న సోయి ఉండేది కాదు. ఆ కోపంలో ఒక పాట కట్టాను. "రాకు రాకు బావ, నేను తలుపు తియ్య పో" అని మొదలవుతుంది. గల్లీ అంతా పట్టుకుంది. ఊళ్లో కేబుల్ నడిపే అతను విని, టీవీలో వేద్దాం, కానీ బొమ్మ ఉండాలి అన్నాడు.

నాకు ఆశ పుట్టింది. నా పాటను నలుగురూ వింటారని, నన్ను చూస్తారని. మా అత్తమ్మ ఒక్క మాటతో ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. "గొంతు గాలి అసొంటిది, యాడికన్న పోనియ్. మొఖం మాత్రం గడప దాటద్దు." నేను అలిగి అన్నం మానేశాను. ఎవరూ బతిమాలకపోయేసరికి ఆకలేసి నేనే వడ్డించుకుని తిన్నాను.

వీడియో అన్న చెవిన ఈ సంగతి పడింది. వచ్చి అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, మెల్లగా అడిగాడు. "మొఖమే గద పెద్దమ్మా వద్దన్నది? చెప్పులు సూపెడ్తె ఏమన్న ఫికరా?"

"చెప్పులా? సూపెట్టుకో, ఎవలద్దన్నరు!" అంది అత్తమ్మ.

అట్లా నా నీలం స్లిప్పర్లు హీరోయిన్ అయ్యాయి. మా ఆయన ఫ్యాక్టరీ బూట్లు హీరో. అత్త వేషం ఇత్తడి బిందెకు దక్కింది. దానికి అత్తమ్మ కళ్లద్దాలు కట్టాడు, ఆమెను అడక్కుండానే. పోచంపాడు చేపలవాళ్ల దగ్గర తెచ్చిన సన్న దారంతో చెప్పులను లాగేవాడు. దారం కనబడుతుందనుకున్న చోట చెప్పును కొంచెం జరిపి, కెమెరా నొక్కి, ఆపి, మళ్లీ జరిపేవాడు. పొద్దంతా నేల మీద బోర్లా పడుకునే ఉన్నాడు. చొక్కా చూస్తే వాకిలి తుడిచిన గుడ్డలా అయింది.

చూస్తూ చూస్తూ నాకు అనుమానం వచ్చింది. "అన్నా, పాటలనేమో తలుపు తియ్య అంటున్న గద. చెప్పులేంది తలుపు దిక్కు నడుస్తున్నయ్?"

ఆయన ఎడమ కన్ను మూశాడు. "పాట అన్నదే బొమ్మ గూడ అంటే ఇగ బొమ్మెందుకు చెల్లె? నీ నోరు రాకు అంటది. కాళ్లేమంటయో గది నేను తీస్తున్న."

నాకు సిగ్గు ముంచుకొచ్చి లోపలికి పోయాను. నా కాళ్ల సంగతి ఆయనకెట్లా తెలిసిందో!

అందులో నేను "రాకు" అన్నప్పుడల్లా స్లిప్పర్లు తలుపు వైపు ఒక్క అడుగు వేస్తాయి. బయట బూట్ల చప్పుడు కాగానే గబగబా వెనక్కి పోయి గోడవైపు తిరిగి పడుకుంటాయి. బిందె కళ్లద్దాల్లోంచి అన్నీ చూస్తుంటుంది. నడుమ గల్లీ కుక్క వచ్చి ఒక బూటు నోట కరుచుకుని పరుగెత్తింది. మేమంతా దాని వెంట పడ్డాం. అన్న మాత్రం కెమెరా ఆపలేదు. "ఉరుకనియ్! మొగడు గూడ అలుగుతడు గద!" నేను కట్టని చరణం అట్లా కుక్క కట్టింది.

ఆదివారం కేబుల్‌లో వేశారు. మా ఇల్లు పట్టనంత జనం. బిందె మొదటిసారి తల తిప్పినప్పుడు అత్తమ్మకు నవ్వి నవ్వి పొలమారింది. తర్వాత ఊరంతా ఒకటే మాట, చెప్పుల పాట, చెప్పుల పాట అని. అత్తమ్మకు అది నచ్చలేదు. అన్నను పిలిపించింది. "మళ్ల పాటల మా పిల్ల మొఖం పెట్టు బిడ్డా. లోకమంత చెప్పులే పాడినయనుకుంటది!"

"పెడ్త పెద్దమ్మా. మాటిస్తున్న."

ఆ మళ్ల పాట కానేలేదు. ఆయనకు పెళ్లిళ్లు, నాకు పిల్లలు. బజార్లో ఎదురుపడితే "పాట కట్టినవా చెల్లె? మొఖం సంగతి నేను సూస్కుంట" అనేవాడు. వచ్చే సీజన్‌కు కడతాను అన్నా, అనేదాన్ని. ఇప్పుడు టీవీలో ఎన్నో పాటలు చూస్తున్నాను. పాటలో వాన అంటే బొమ్మలో వాన, పాటలో పువ్వు అంటే బొమ్మలో పువ్వు. అప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. నేను కట్టింది కోపం పాట అనుకున్నాను. కాదు, అది ప్రేమ పాట అని నాకు చెప్పింది ఆయనే. అందుకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

మంగళవారం ఆయన్ని కడసారి చూసి ఇంటికొచ్చేసరికి, మోకాళ్ల నొప్పులతో రాలేకపోయిన అత్తమ్మ ఆ క్యాసెట్ పెట్టమంది. మా అమ్మాయి పెట్టింది. బొమ్మ అంతా గీతలు. అయినా కుక్క దగ్గర అందరం నవ్వాం. పాట అయిపోయింది. తెర మీద చుక్కలు, బుస్సుమని చప్పుడు. మా అమ్మాయి ఆపబోతే అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండు బిడ్డా, బంద్ చెయ్యకు. మీ అమ్మ మొఖం రాలే ఇంక. గాయన మాటిచ్చిండు."

పీట టీవీకి దగ్గరగా జరుపుకుని, ఆ చుక్కల్లోకి చూస్తూ కూర్చుంది. మేం కూడా లేవలేదు.