అవ్వ పెండ్లి రవిక

ఇందులో ప్రతి మాటా నిజం. నా కత్తెర మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. దర్జీ ప్రమాణం ఏపాటిదో కోవిల్‌పట్టిలో అందరికీ తెలుసు. "మంగళవారం రండి, తయారుగా ఉంటుంది" అని నేను చెప్పిన మంగళవారాల్లో కొన్ని ఇంకా రావలసే ఉన్నాయి. అయితే అది వ్యాపారం, ఇది జ్ఞాపకం. రెండింటికీ ఒకే నాలుక వాడేంత పేదవాణ్ణి కాను.

మొన్న ఒక కాలేజీ అమ్మాయి ఫోను నా ముందు పెట్టి, "అన్నా, ఇట్లాంటి పాతకాలం రవిక మీకు కుట్టడం వస్తుందా?" అని అడిగింది. బొమ్మ చూస్తే అది నేను కుట్టిందే. ఆ రవిక బొమ్మ విరుదునగర్‌లో ఒక పెండ్లి రిసెప్షన్ నుంచి బయలుదేరి ఎవరెవరి ఫోన్లలోనో ఊరేగి, చివరికి నా గడపకే వచ్చి నన్నే దారి అడుగుతోంది. "ప్రయత్నం చేస్తాను తల్లీ" అన్నాను వినయంగా.

ఆ బొమ్మలో రవిక తొడుక్కున్న పెండ్లికూతురు విరుదునగర్ పిల్ల. నాన్నది నూనె, మిరపకాయల వ్యాపారం. ఆ ఊళ్ళో దర్జీలు లేక కాదు, వాళ్ళ అవ్వ "మన మాట వచ్చేవాడైతేనే నేను చెప్పగలను" అని పట్టుబట్టి నా దగ్గరికి తీసుకొచ్చింది. మా మాట సంగతి మీకు తెలియకపోవచ్చు. ఎన్నో తరాల కింద ఈ అరవదేశానికి వచ్చినవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఒకసారి ఆంధ్రా నుంచి మిరపకాయల లారీతో వచ్చిన పెద్దమనిషి నా మాట విని, "మీరు అచ్చం మా ముత్తాతలా మాట్లాడతారండీ" అన్నాడు. అయితే ముత్తాతకు ఒక టీ ఇప్పించు నాయనా అన్నాను. ఇప్పించాడు, పాపం.

"రిసెప్షన్‌కి పట్టుచీర మీదికి మా అవ్వ తన పెండ్లిలో వేసుకున్న రవిక మాదిరే కావాలన్నా. ఫోటో లేదు. అవ్వ చెప్తుంది, మీరు కుట్టండి" అంది పిల్ల. అవ్వ స్టూలు మీద సర్దుకుని కూర్చుని మొదలుపెట్టింది. చేతులు బుగ్గగా లేచి మోచేతి కాడ బిగుసుకోవాలంట, దాని కింద వేలెడు కుచ్చు. వీపున మెడ నుంచి నడుము దాకా ముత్యాల గుండీలు, ఆఖరి గుండీ కాడ చిన్న ముడి. ఆమె చెప్తూంటే నా సుద్దముక్క దానంతటదే గీసుకుంటూ పోయింది. "ముందర మెడ ఎట్లుండె అవ్వా? గుండ్రమా, పలకా?" అని అడిగాను. అవ్వ బయట పోతున్న తూత్తుకుడి బస్సును అది కనుమరుగయ్యేదాకా చూసింది. "మెడ మాదిరే ఉండె" అంది.

నేను పుట్టుకతో కథలల్లేవాణ్ణి. ఇంకొకరు అల్లితే ముడి ఎక్కడ వేశారో నాకు ఇట్టే తెలుస్తుంది. రవిక వేసుకున్న మనిషికి దాని ముందు భాగం తెలుస్తుంది. వీపు తెలిసేది వెనక కూర్చున్నవాళ్ళకే. పైగా అవ్వది విళాత్తికుళం పక్క నల్లరేగడి ఊరు. మా అవ్వదీ ఆ పక్కే. ఆ కాలంలో ఆ ఊళ్ళలో మా ఆడవాళ్ళు రవిక వేసుకునేవాళ్ళు కాదు. చీర కొంగే రెండు భుజాల మీదుగా చుట్టి దోపుకునేవాళ్ళు. అదే వాళ్ళ మర్యాద. అట్లాగే పత్తిచేలో నడిచొస్తూంటే మగవాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు. ఈ అవ్వ కొడుకింటికి విరుదునగర్ వచ్చాకే తెల్లరవిక తొడుక్కుంది. మనవరాలు పుట్టినప్పటినుంచీ చూసింది ఆ తెల్లరవికనే.

పిల్ల కడలమిఠాయి, అంటే వేరుశనగ చిక్కీ, కొనుక్కోవడానికి పక్క అంగడికి పోయినప్పుడు మెల్లగా అడిగాను. "అవ్వా, అది ఎవురి రవిక?"

అవ్వ కోపపడలేదు. "మొగపెండ్లివారి చుట్టం నాయనా. తూత్తుకుడిది. నా ముందరే కూర్చునింది. పెండ్లికూతురు తల ఎత్తకూడదు గదా. పెండ్లంతా ఆ వీపునే చూస్తా ఉంటిని. మీ తాత మొగం ఆమీదట చూసినా."

"మరి మనవరాలికి?"

"చిన్నప్పుడు అడిగింది, అవ్వా నీ పెండ్లికి ఏం కట్టుకుంటివని. చీర చెప్పినా. రవిక ఏ రంగని అడిగింది. లేదని చెప్పను నోరు రాలే." ఆమె కొంగు సర్దుకుంది. "ఇప్పుడు రిసెప్షన్‌కి మా ఊరి ముసలోళ్ళంతా వస్తారు. ఈ పిల్ల మైకు పట్టుకొని అందరికీ చెప్తానంటా ఉండాది. మా ఆడబిడ్డ ఒకతి ఉండాది, దాని నోటికి తాళం లేదు. మనవరాలి ముందర నన్ను అబద్ధాలదాన్ని చేసిపెడుతుంది."

పిల్లకు నువ్వే చెప్పేయి అవ్వా అని ధర్మం చెప్పాలి. నా నోటికి అది అలవాటు లేదు. "ముందర మెడ నీకు ఎట్ల కావాలని ఉండె?" అన్నాను. అవ్వ చూపుడువేలితో తన తెల్లరవిక మీద మెల్లగా ఒక పలక గీసింది. అట్లాగే కత్తిరించాను.

ఇక ట్రయల్ కథ. పిల్ల అద్దం ముందు నిలబడి "అచ్చం ఇట్లనే ఉండెనా అవ్వా?" అని అడగడం, అవ్వ "చేతులు ఇంకొంచెం బుగ్గగా ఉండె" అనడం. విప్పి పెంచితే మళ్ళీ "ఇంకొంచెం". గుండీలు కుట్టే నా ఇంటిది ఓపికపట్టి పట్టి, "ఇంక పెంచొద్దండి. గాలిమరల కయత్తారు కాడ బస్సు దిగితే ఆ గాలికి పిల్ల ఎగిరిపోతుంది" అంది. దాంతో అవ్వ ఆగింది.

రిసెప్షన్‌కి నేనూ పోయాను. పిల్ల మైకులో చెప్పనే చెప్పింది, ఇది మా అవ్వ పెండ్లి రవిక అని. ముందు వరసలో అవ్వ కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తోంది. ఆడబిడ్డ కర్ర పట్టుకుని వేదిక ఎక్కింది, పిల్ల చెయ్యి పట్టుకుని రవిక చేతి బుగ్గను నొక్కి చూసింది. "ఇదేనా? మా వదినె రవిక చేతులు దీనికన్నా పెద్దవే. తాళి కట్టను మా అన్న పక్కకి ఒరగాల్సొచ్చె" అంది. కింద నుంచి ఇంకో ముసలమ్మ, "ఒకసారి తొడుక్కోని ఇస్తానంటే ఇయ్యలేదు, పిసినారి" అంది. "నువ్వు ఎప్పుడు అడిగితివే? అడిగుంటే ఇచ్చుందును గదా" అంది అవ్వ, తల ఎత్తి.

ప్రమాణం చేశాను కాబట్టి ఇక్కడ ఒప్పుకోవాలి. ఈ మాటలు నేను అతికినవి. ఆడబిడ్డ వేదిక ఎక్కిందీ నిజం, చెయ్యి పట్టుకుందీ నిజం. కానీ నోరు విప్పలేదు. ఆ కుచ్చును వేళ్ళతో నిమిరింది, కింద ఉన్న వదినె వైపు చాలాసేపు చూసింది, దిగి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. నడుము నుంచి సంచి తీసి ఒక వక్కముక్క వదినె చేతిలో పెట్టింది. అవ్వకు పళ్ళు లేవు. అయినా బుగ్గన పెట్టుకుంది. ఆ ఆడబిడ్డ కూడా ఏదో ఒక పెండ్లిలో ఏదో ఒక వీపును చూసే ఉంటుంది.

గడిచిన కాలాన్ని విప్పి మళ్ళీ కుట్టలేమంటారు. నిజమే కావచ్చు. కానీ కుట్టినవాళ్ళు తెలివైనవాళ్ళయితే, తర్వాత విప్పి పెంచుకోవడానికి లోపల ఎక్కడో వేలెడు గుడ్డ మడిచి వదిలిపెట్టే ఉంటారు.